కడ్డి అంటే పుల్ల

పెద్దప్ప పోయాడన్న కబురు నాకు మగ్గం గుంటలో ఉండగా తెలిసింది. కబురు తెచ్చిన మనిషి గడప దాటకుండానే, "అప్పజెప్పే పెద్దప్ప పోయినాడప్పా" అని చెప్పి, ఇంకో ఇంటికి చెప్పాలని వెళ్లిపోయాడు. మా సందులో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్లు నాకు గుర్తు లేరు. నేను కూడా పేరు రాయను. వయసు మళ్లాక అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి, అందంగా రాయడం చేతకాదు. చూసింది చూసినట్టు రాస్తాను. చేసింది చేసినట్టు రాయడం మాత్రం కొంచెం కష్టం. అది చివరికి వస్తుంది.

బెంగుళూరు నగర్తపేటలో మా మగ్గానికీ ఆయన కుంపటికీ మధ్య ఒక్క గోడ. గోడంటే పేరుకే. ఆయన దగ్గితే మా ఇంట్లో పిల్లి లేచేది. ఆయన కంసాలి. ముక్కుపుడకలు, చెవి ఒంట్లు, సన్నటి తీగపని చేసేవాడు. దాంతోబాటు చెవులు, ముక్కులు కుట్టేవాడు. తీగపనిలో ఆయన్ని మించినవాళ్లు పేటలో ఉండేవాళ్లు. కుట్టడంలో లేరు. ఆయన కుట్టిన చెవి చీము పట్టిందని నేను వినలేదు.

కుట్టేముందు సూదిని ఉప్పునీళ్లలో వేసి కుంపటి మీద మరిగించేవాడు. అది మరిగేలోపల చెవి తమ్మెను పట్టుకుని వెలుతురుకు అడ్డం పెట్టి నరం ఎక్కడుందో చూసేవాడు. సూది దిగేది ఎవరికీ కనిపించేది కాదు. బిడ్డ ఏడవడానికి నోరు తెరిచేసరికి తీగ ముడి పడి ఉండేది. తల్లులు పుండు మీద ఉఫ్ అని ఊదబోతే చెయ్యి అడ్డం పెట్టేవాడు. "నోటిగాలి వద్దమ్మా. పొద్దున నువ్వేం తిన్నావో ఆ పుండుకెందుకు?" అనేవాడు.

మూడో దినం, ఏడో దినం చూపించుకోవడానికి రావాలి. వచ్చినప్పుడు ఆయన ముందు కళ్లతో చూసేవాడు కాదు. చెవిని ముక్కు దగ్గరికి తెచ్చుకుని వాసన చూసేవాడు. కళ్లు మూసుకుని, పూలంగడిలో మల్లెలు బేరమాడేవాడిలాగా. "ఊఁ, బాగుండాది" అంటే బాగున్నట్టు. ఏమీ అనకుండా తల ఎత్తి తల్లి మొహం చూశాడంటే ఆమెకు తిట్లు ఉన్నట్టు.

"తీగ తిప్పినావా?"

"దినామూ తిప్పాలంట కదా పెద్దప్పా. మా అత్త చెప్పె."

"ఎందుకు తిప్పాల? అదేమన్నా తిరగలా, పిండి రాలేదానికి? పక్కు కట్టినదాన్ని తిప్పితే లోపల మళ్లా చిరగతాది. మీ అత్తను ఈడికి పిలుచుకోని రా, ఆమె ముక్కు నేను దినామూ తిప్పుతా."

ఇంతవరకూ నవ్వులే. అప్పజెప్పించడం మాత్రం ఎవరికీ నవ్వు తెప్పించేది కాదు. కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లకు ఆయన ముందుగా అంతా చెప్పేవాడు. చేతులు కడుక్కోకుండా ముట్టవద్దు. గోరువెచ్చని ఉప్పునీళ్లతో పొద్దునా సాయంత్రం నానబెట్టాలి. పక్కు పీకకూడదు, దానంతట అదే రాలాలి. బూడిద, సున్నం, పేడ, నశ్యం ఏదీ పెట్టకూడదు. జ్వరమొచ్చినా, ఎర్రగా గీత పాకినా అర్ధగంట ఆగకుండా రావాలి. ఇంతా చెప్పి, సూది చేతిలో పట్టుకుని, "ఇప్పుడు తిరిగి చెప్పు" అనేవాడు.

ఒకసారి బియ్యం మండీ వెనకనుంచి ఒకామె కూతురి ముక్కు కుట్టించడానికి తెచ్చింది.

"తిరిగి చెప్పమ్మా. ఇంటికి పోయి ఏం చేస్తావు?"

"మీరు చెప్పినట్టే చేస్తా పెద్దప్పా."

"నేనేం చెప్పినా?"

"అదే... ఉప్పునీళ్లు."

"ఉప్పునీళ్లు తాగిస్తావా?"

"అయ్యో, ముక్కుకు కుట్టేదానికి ఇంత పరీక్షనా? మావాడు ఇస్కూల్లో గూడా ఇంత అప్పజెప్పలేదు!"

"వాడు ఇస్కూల్లో తప్పు చెప్తే వాడికి బెత్తం. ఈడ నువ్వు తప్పు చెప్తే బిడ్డకు ముక్కు పోతాది. చెప్పు. నా మాటల్లో వద్దు, నీ మాటల్లో చెప్పు."

ఆమె చెప్పింది. రెండు చోట్ల తప్పింది. మళ్లీ చెప్పించాడు. "తెలుసులే పెద్దప్పా" అన్నవాళ్లను మాత్రం సూది తీసి పక్కన పెట్టి పంపించేసేవాడు. ఎంత తెలిసినవాళ్లయినా సరే. "కుట్టేది నాకు రెప్పపాటు. కాపాడుకొనేది నీకు మండలం. ఎవురి పని పెద్దదో చూసుకో" అనేవాడు. అందుకే అప్పజెప్పే పెద్దప్ప అయ్యాడు.

ఇంకొక సంగతి. కంసాలి పెద్దమనిషి చెవులకు బంగారు ఒంట్లు ఉండాలి కదా. ఆయన చెవుల్లో వేపపుల్లలు ఉండేవి. ఇంత ముక్క, చిటికెనవేలి గోరంత. వాడిపోతే మార్చుకునేవాడు. "ఏం పెద్దప్పా, బంగారం కరిగించి తాగేసినావా?" అని పేటవాళ్లు ఎగతాళి చేసేవాళ్లు. "బరువప్పా, మొయ్యలేను" అనేవాడు. అంతకు మించి చెప్పలేదు.

ఆయన మొదటినుంచీ ఇలాంటివాడు కాదు. ఈ అప్పజెప్పించడమూ, ఈ పుల్లలూ యుద్ధం నడుస్తున్న రోజుల్లో మొదలయ్యాయి. ఒక సామి వచ్చినాక.

సామి కడప దిక్కునుంచి నడుస్తూ వచ్చాడు. గుడి వెనక సత్రంలో దిగాడు. నలభై ఏళ్లుంటాయి, ఎముకల మనిషి. కాళ్లు ఎడంగా పెట్టి నడుస్తూ వచ్చి పెద్దప్ప అరుగు ముందు నిలబడ్డాడు. నేను అప్పుడు అక్కడే కూర్చుని ఉన్నాను.

"ఇనుము కోసేది ఏమన్నా ఉందా పెద్దాయనా?"

"ఉండాది. ఏం కోయాల సామీ?"

సామి నేల చూశాడు. తర్వాత తన కాషాయం గుడ్డ చూశాడు.

చదివేవాళ్లు సిగ్గుపడితే పడనీ. నాకీ వయసులో ఆ ఓపిక లేదు. మూత్రం పోసే చోట, ముందు తోలుకు, ఆయనకు ఇనుప రింగు ఉంది. బ్రహ్మచర్యం తప్పకుండా ఉండటానికి గురువు వేయించాడట. వేసి మూడేళ్లు. ఇనుము తుప్పు పట్టి, తోలు వాచి, చీము కారుతూ ఉంది. మూత్రం పోయాలంటే గోడ పట్టుకోవాల్సి వస్తోందని చెప్పాడు. చెప్పేటప్పుడు ఆయన గొంతులో సిగ్గు లేదు. అలసట ఉంది.

పెద్దప్ప కొంచెం సందు మాత్రం ఉంచి తలుపు చెక్కలు మూశాడు. లోపల చీకటి. వీధిలో ఎండ పడుతోంది కాబట్టి నన్ను గడపలో కూర్చోబెట్టి, ఒక ఇత్తడి పళ్లెం ఇచ్చి, ఆ ఎండను లోపలికి తిప్పమన్నాడు. నేను తిప్పాను. ఆ వెలుతురులో పెద్దప్ప ఒంగి, పసిబిడ్డ చెవిని చూసినట్టే, ముందు వాసన చూశాడు. నా చేతిలో పళ్లెం కదిలింది. ఆయన మొహం కదల్లేదు.

"ఏం పూసినావు సామీ?"

"విభూతి."

"దేవునికి పెట్టేది దేవునికే పెట్టు. పుండుకు పెడితే పుండు దేవుడైతాదా?"

అంత నొప్పిలోనూ సామి నవ్వాడు. పెద్దప్ప నవ్వలేదు.

"ఇది తీసేయాల."

"తీస్తే నా వ్రతం పోతుంది నాయనా."

"తీయకుంటే నువ్వు పోతావు. నువ్వు పోయినాక వ్రతం ఎవురు చేస్తారు, నేనా? నాకు ఏడుమంది బిడ్డలు."

చాలాసేపు అలా నడిచింది. చివరికి సామి ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. రింగు తీయవచ్చు, తూటు మాత్రం పూడకూడదు. పుండు మానాక మళ్లీ రింగు పడాలి.

"ఇనుము మాత్రం జన్మలో వద్దు. సన్న బంగారు తీగ వేస్తా. ఒంటికి పడతాది" అన్నాడు పెద్దప్ప.

"బంగారం నేను ముట్టను."

"రాగి అయితే చిలుము పడతాది. సరే, ముందు మాననీ. ఇరవైయొక్క దినం. అప్పుడు కూర్చోని కొట్లాడుదాం."

తీగలు కోసే కత్తెరతో రెండు చోట్ల కోసి రింగు తీశాడు. సామి కాలివేళ్లు ముడుచుకున్నాయి. తర్వాత పెద్దప్ప చెప్పాల్సింది చెప్పాడు. గిన్నెలో గోరువెచ్చని ఉప్పునీళ్లు పోసి రెండు పూటలా అందులో నానబెట్టు. కౌపీనం ఉడకబెట్టి ఎండలో ఆరేసి కట్టు. చెరువుల్లో, బావుల్లో మునగొద్దు. నడక మాను. విభూతి నుదుటికే పెట్టు. ఆ రోజుల్లో ఆయన ఎవరినీ తిరిగి చెప్పమని అడిగేవాడు కాదు. చెప్పేవాడు, అంతే.

సామి చెప్పింది చెప్పినట్టు చేశాడు. రోజూ వచ్చి చూపించుకుని వెళ్లేవాడు. వాపు దిగింది. చీము ఆగింది. ఆరో దినం పెద్దప్ప వాసన చూసి, "ఊఁ, బాగుండాది" అన్నాడు. "ఈ పేటలో నా దగ్గర దాపరికం లేనోడివి నువ్వొక్కడివే సామీ" అని నవ్వాడు కూడా. సామి ఆ రోజు మా ఇంట్లో సంగటి తిన్నాడు. నా మగ్గం పక్కన కూర్చుని, పేకనూలు మోసే నాడె అటూ ఇటూ పోవడం చూస్తూ, "ఇదీ జపమే" అన్నాడు. నాకు ఆయనంటే ఇష్టం కలిగింది. ఇది ఎందుకు రాస్తున్నానంటే, ఆయన మీద నాకు కోపం గానీ చిరాకు గానీ లేదని తెలియడానికి.

తొమ్మిదో దినం పెద్దప్ప రేషన్ అంగడి ముందు వరసలో నిలబడటానికి వెళ్లాడు. సామి వచ్చి, ఆయన లేడని చూసి, నా దగ్గరికి వచ్చాడు. నాకు అప్పుడే పడుగులో పోగులు తెగాయి. ఒకటి కాదు, గుప్పెడు. ఒంగి ముడులు వేసుకుంటున్నాను.

"అప్పా, తూటు పూడిపోతా ఉందే. పెద్దాయన ఎప్పుడొస్తాడు?"

"సాయంత్రం అయితాది సామీ."

"అంతలోపల మూసుకుంటే ఏం గతి?"

గోడ అవతలినుంచి ఏళ్ల తరబడి నేను విన్న మాట ఒకటుంది. తీగ ఊడిన చెవికి, తూటు పూడకుండా, పెద్దప్ప ఏం పెట్టుకోమనేవాడో నాకు తెలుసు. ఆ మాట నేను చెప్పాను. తల ఎత్తకుండా చెప్పాను.

"కడ్డి పెట్టుకోండి సామీ. అంతే."

"కడ్డీనా? మళ్లీ పెట్టుకోవచ్చునా?"

"అందరికీ అదే చెప్తాడు పెద్దప్ప."

"ఎంత లావుది?"

"చీపురుపుల్లంత. సన్నంగా."

నేను తల ఎత్తేసరికి ఆయన మొహం వెలుగుతోంది. నొప్పి తగ్గి వెలుగుతోందనుకున్నాను. "బతికించినావు అప్పా" అని దండం పెట్టి వెళ్లాడు.

మా బెంగుళూరు తెలుగులో కడ్డి అంటే పుల్ల. కన్నడంలోనుంచి వచ్చి మా నోట్లో కూర్చున్న మాట. అగ్గిపెట్టెలో ఉండేదీ కడ్డే, ఊదువత్తికి ఉండేదీ కడ్డే. పెద్దప్ప చెప్పేది వేప కడ్డి, అంటే వేపపుల్ల. నేను వేప అనే మాట వదిలేశాను. మాకు అది చెప్పాల్సిన పని లేదు. పేటలో ఎవరికైనా తెలుసు. కడప మనిషికి కడ్డీ అంటే ఇనుము. కిటికీకి ఉండేది కడ్డీ. గురువు వేసిన ఇనుము మళ్లీ పెట్టుకోవచ్చని పెద్దప్ప ఒప్పుకున్నాడనుకున్నాడు సామి. అందుకే ఆ వెలుగు.

ఆ తర్వాత ఆయన రాలేదు. పెద్దప్ప రెండు మూడు సార్లు, "సామి ఏమాయెనో" అన్నాడు. మానింది కదా, ఎక్కడికో సాగిపోయి ఉంటాడనుకున్నాం. నిజానికి ఆయన సత్రంలోనే ఉన్నాడు. వ్రతం నిలిచింది కాబట్టి మౌనం పట్టి కూర్చున్నాడట. ఒకనాడు పొద్దున సత్రం మనిషి పరుగున వచ్చాడు. సామి నోరు తెరుచుకోవడం లేదు, అంబలి పోస్తే పళ్ల మీదనుంచి కారిపోతోంది, వీపు విల్లులా లేస్తోంది అన్నాడు.

పెద్దప్ప వెళ్లి చూశాడు. పాత గొడుగు కడ్డీ ముక్క. ఎక్కడ ఏరుకున్నాడో, రాయితో నూరి, వంచి, పచ్చి పుండులోకి ఎక్కించుకున్నాడు. దాని మీద తుప్పు.

ధనుర్వాతం. అందరికీ తెలిసిన పేరే. బండి కట్టించి ఆసుపత్రికి తీసుకుపోయారు. బండి ఎక్కేముందు పెద్దప్ప మా గడపలోకి వచ్చాడు. పాలిపోయి ఉన్నాడు.

"ఏమప్పా, నేను లేని పొద్దు సామి ఈడికేమన్నా వచ్చినాడా? కడ్డీ పెట్టుకోమని ఎవురో చెప్పినారంట."

నాడె నా చేతిలో ఉంది. నేను దాన్ని ఆపలేదు.

"రాలేదు పెద్దప్పా" అన్నాను.

ఆయన వెళ్లిపోయాడు. సామి నాలుగు దినాలు బతికాడు. నాలుగు దినాలూ పెద్దప్ప ఆసుపత్రి అరుగు మీదనే ఉన్నాడు. లోపలికి రానిచ్చినప్పుడు వెళ్లి పక్కన కూర్చునేవాడట. తిరిగి వచ్చినప్పుడు ఆయన గడ్డం మాసి ఉంది. ఒక్కసారిగా ముసలివాడయ్యాడు.

సత్రంలో పెద్దమనుషులు కూర్చుని పిలిపించారు. నేనూ వెళ్లాను. స్తంభం పక్కన నిలబడ్డాను.

"ఆ సామికి ఇనుము పెట్టుకోమని ఎవురు చెప్పినారు?" అని అడిగారు.

"నేనే" అన్నాడు పెద్దప్ప. "కడ్డి అన్నా. వేప అనలేదు. ఆయనది మన పేట తెలుగు కాదని తలకు రాలేదు. తప్పు నాది."

ఆయన అబద్ధం చెబుతున్నాడని అక్కడ తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. తనే ఎప్పుడో చెప్పి మరిచిపోయాననుకుంటున్నాడేమో అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. స్తంభానికి ఆనుకుని, నోరు మూసుకుని నిలబడ్డాను. బయటికి వస్తుంటే ఎవరో, "సామిని చంపిన చెయ్యి" అన్నారు. ఆయన విన్నాడు. నేనూ విన్నాను.

ఆ తర్వాత చాలా నెలలు ఆయన అరుగు మీదికి ఒక్క చెవీ రాలేదు. ఆడవాళ్లు బిడ్డల్ని చంకనెత్తుకుని ఎదురు వరసలో నడిచేవాళ్లు. ఆయన ఒంట్లు తీసేసి పుల్లలు పెట్టుకున్నది అప్పుడే. మళ్లీ ఒకరొకరు రావడం మొదలయ్యాక, తిరిగి చెప్పు అనడం మొదలైంది. గోడ ఇవతల కూర్చుని ఆ మాట రోజూ వినేవాణ్ణి. ప్రతిసారీ అది నన్నే అడిగినట్టుండేది.

నేను అక్షరాలు నేర్చుకున్నది ఆ తర్వాతే. మధ్యాహ్నం పూట అదే సత్రం అరుగు మీద ఒక అయ్యవారు నేర్పేవాడు. చిన్నపిల్లలు నన్ను చూసి నవ్వేవాళ్లు. ఈ వయసులో ఎందుకు నీకు అని ఇంట్లో అడిగారు. కళ్లు పోకముందే నేర్వాలని చెప్పాను. అదీ అబద్ధమే. నోటిమాట మీద నాకు నమ్మకం పోయింది, అంతే.

ఒకరోజు పెద్దప్ప వచ్చాడు. "రాసేది నేర్చినావంట కదా. నేను చెప్పేది ఒక చీటీ రాయి. ఇంటికి ఒకటి ఇచ్చి పంపుతా. నేను పోయినాక అప్పజెప్పించుకొనేవాళ్లు ఎవురుండారు?" అన్నాడు.

ఆయన చెప్పాడు, నేను రాశాను. చేతులు, ఉప్పునీళ్లు, పక్కు, బూడిద వద్దు, జ్వరం. నా రాత మెల్లగా సాగేది, ఆయన ఓపికగా కూర్చున్నాడు. అయ్యాక చదవమన్నాడు. చదివాను. "తూటు పూడకుండా వేప కడ్డి పెట్టుకోవాలి" అన్న చోట చెయ్యి ఎత్తాడు.

"కడ్డి వద్దు. కొట్టెయ్. వేపచెట్టు పుల్ల అని రాయి."

"వేప అని ఉండాది కదా పెద్దప్పా."

"ఉండినా వద్దు. ఆ దినం నువ్వు సామికి చెప్పిన మాట ఇందులో ఉండకూడదు."

కలం ఆగిపోయింది. ఆయన నా వైపు చూడలేదు. కుంపటి ఉన్న గోడ వైపు చూస్తున్నాడు.

"ఆసుపత్రిలో పళ్లు గిట్టకరిచినా సామికి మాట కొంచెం వస్తా ఉండె. మగ్గం అప్ప చెప్పినాడు అన్నాడు. నిన్ను తిట్టలేదు. మంచోడు అన్నాడు." వేలితో చీటీ చూపించాడు. "రాసినావా? ఇప్పుడు తిరిగి చెప్పు."

నేను చీటీ పైనుంచి కిందిదాకా చదివాను. వేపచెట్టు పుల్ల దగ్గర గొంతు ఎత్తి చదివాను. ఆయన చివరిదాకా విన్నాడు.

"అంతేనా?"

"అంతే పెద్దప్పా."

"ఊఁ" అని చీటీ తీసుకుని లేచాడు. పిల్లల చెవుల దగ్గర అనే ఊఁ కాదు అది. చాలాకాలం దాని అర్థం తెలియనట్టే ఉన్నాను.

ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆయనకు చీటీలు రాసి ఇచ్చాను. ఎప్పుడు అడిగినా రాశాను, రాత్రనక పగలనక రాసేవాణ్ణి. ఆయన మళ్లీ ఆ ఊసు ఎత్తలేదు. నేను ఎత్తలేదు. ఆయన మంచం పట్టాక రోజూ వెళ్లి కూర్చున్నాను. రేషన్ గురించి, నూలు దొరకడం లేదని, వానల గురించి మాట్లాడుకున్నాం. ఒకరోజు నిద్రలో, "తిరిగి చెప్పు" అని గొణిగాడు. కోడలు నవ్వి, "చూడండప్పా, కలలో గూడా ఎవురి బిడ్డకో చెవులు కుడతా ఉండాడు" అంది. నేనూ నవ్వాను.

కబురు విని నేను వెంటనే లేవలేదని మొదట రాయలేదు. తెగిన పోగు ముడివేసి, చేతిలోది పూర్తి చేసి, అప్పుడు లేచాను. వెళ్లేసరికి స్నానం చేయించి పడుకోబెట్టారు. పెద్ద కొడుకు పాత ఒంట్లు వెతికి తెచ్చాడు. చెవిలో పుల్లలతో పంపిస్తే నలుగురూ ఏమనుకుంటారు అన్నాడు. కుడి చెవికి ఒంటి పెట్టాడు. ఎడమ చెవిలో పుల్ల ఎండి బిగిసిపోయింది, రాలేదు.

"ఉండనీ, నేను తీస్తా" అన్నాను.

కొంచెం నీళ్లు తెచ్చుకుని నానబెట్టాను. లాగలేదు, తిప్పలేదు. అది మెత్తబడి దానంతట అది వచ్చింది. అప్పుడు చెవి దగ్గరికి ఒంగి చెప్పాను. చూసేవాళ్లు పుల్ల తీస్తున్నానని అనుకుని ఉంటారు.

ఆయన తిరిగి చెప్పు అనలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను, నా మాటల్లోనే. సామి వచ్చాడు. కడ్డి పెట్టుకోమని చెప్పింది నేను. వేప అనలేదు. అడిగితే రాలేదన్నాను.

అంతే పెద్దప్పా.